బయాప్సీ రిపోర్ట్ ఇంకా రాలేదు, ల్యాబ్ మార్చాలా?

మీ అమ్మగారికి బెంగళూరులోని ఒక మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో రొమ్ము గడ్డ నుంచి సూదితో ముక్క తీశారు, 6 రోజులైనా రిపోర్ట్ రాలేదు, రక్త పరీక్షలు సాయంత్రానికే ఇచ్చినవాళ్లు దీనికెందుకు ఇంత ఆలస్యం చేస్తున్నారు, ప్రైవేటు ల్యాబ్‌కి వెళ్లిపోవాలా అని అడిగారు. నేను ఈ ఊళ్లోనే అలాంటి ఒక కాలేజీలో పాథాలజీ చదివి, అక్కడే పనిచేస్తున్నాను. మీ టెన్షన్ అర్థమవుతోంది, కానీ తొందరపడి మార్చకండి.

రక్త పరీక్షలు చాలావరకు మెషీన్ చేసేస్తుంది. ముక్కను మాత్రం మనిషే చూడాలి, అంతకుముందు అది సిద్ధం కావాలి. తీసిన వెంటనే, ముక్క పాడవకుండా ఉంచే ఫార్మలిన్ అనే ద్రవంలో వేస్తారు. రొమ్ము ముక్క అందులో కనీసం 6 గంటలు ఉండాలి, 72 గంటలు దాటకూడదు. ఇందులో తేడా వస్తే గడ్డ హార్మోన్లకు స్పందించేదో కాదో తర్వాత చూసే హార్మోన్ రిసెప్టర్ పరీక్షల్ని నమ్మలేం. ఆపైన రాత్రంతా ఆల్కహాల్, జైలీన్ అనే రసాయనం, కరిగించిన మైనం, వీటిలో ఒకదాని తర్వాత ఒకదానిలో ఉంచుతారు. పొద్దున టెక్నీషియన్లు దాన్ని మైనం బ్లాక్‌గా చేసి, మైక్రోటోమ్ అనే కోత యంత్రం మీద 3, 4 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పొరలుగా కోస్తారు. ఆ పొరను గోరువెచ్చని నీళ్ల మీద ముడత పడకుండా తేల్చి స్లైడ్ మీదికి ఎక్కించడం ఎంత నేర్పుతో చేసే పనో! వాళ్ల పేరు రిపోర్ట్‌లో ఎక్కడా ఉండదు. ఉండాలనే నా అభిప్రాయం.

రంగులు వేశాక స్లైడ్‌ను ముందు పీజీ విద్యార్థి చూసి తన డయాగ్నోసిస్ రాస్తారు. తర్వాత సీనియర్ డాక్టర్ పక్కన కూర్చుని, ఎందుకలా అనుకున్నావని ఒక్కో మాటా అడుగుతారు. అనుమానముంటే మిగతావాళ్లకూ చూపిస్తారు. ఆ చర్చలో డయాగ్నోసిస్ మారిపోవడం నేను చూశాను. చదువు కోసం పెట్టుకున్న పద్ధతే అయినా, మీ అమ్మగారి స్లైడ్‌ను ఇద్దరు ముగ్గురు చూస్తారు కదా. అందుకే ఆ ఆలస్యాన్ని నేను తప్పుపట్టను.

ఒకవేళ క్యాన్సర్ అని తేలితే ఈఆర్, పీఆర్ (ఇవే ఆ హార్మోన్ రిసెప్టర్ పరీక్షలు), హెర్2 అనే ప్రొటీన్ పరీక్షలకు మరికొన్ని రోజులు పడుతుంది. హెర్2 ఫలితం 2+ అని వస్తే అటూ ఇటూ కానట్టు, తేల్చుకోవడానికి హెర్2 జన్యువును చూసే ఫిష్ అనే ఇంకో పరీక్ష చేయాలి. ఏ మందు ఇవ్వాలో వీటిని బట్టే నిర్ణయిస్తారు, ఆగక తప్పదు.

ఇంతలో మీరు చేయగల ముఖ్యమైన పని ఒకటుంది. ల్యాబ్‌కు వెళ్లిన ఫారంలో అమ్మగారి గురించి ఏం రాశారో కనుక్కోండి. చాలాసార్లు "రొమ్ము గడ్డ" అన్న రెండు మాటలే ఉంటాయి. హిందూపురం, మదనపల్లె వైపు నుంచి వచ్చే మనవాళ్లు ఓపీలో వచ్చీరాని కన్నడలో సగమే చెప్పగలుగుతారు. అలాగే వచ్చిన ఒకావిడ స్లైడ్‌లో గ్రాన్యులోమాలు, అంటే వాపు కణాల చిన్న గుంపులు, కనిపించాయి. ఇవి టీబీలో రావచ్చు, టీబీ కాని రొమ్ము వాపులోనూ రావచ్చు. నేను తెలుగులో అడిగితే, ఇంట్లో మామగారు టీబీ మందులు వాడుతున్నారని చెప్పింది. ఫార్మలిన్‌లో వేసిన ముక్క కల్చర్‌కు, అంటే ల్యాబ్‌లో టీబీ క్రిములను పెంచి చూసే పరీక్షకు, పనికిరాదు, అందుకని తాజాగా ఇంకో ముక్క పంపమని వెంటనే సర్జన్‌ని అడిగాం. ఆ ఒక్క మాట ముక్క తీసేముందే డాక్టర్‌కు తెలిసి ఉంటే, కొంత ముక్కను అప్పుడే కల్చర్‌కు పంపేవారు, ఆవిడకు రెండోసారి సూది పడేది కాదు. మీరూ పాత రిపోర్టులు, మామోగ్రామ్, వేరేచోట చేయించిన వైద్యం, కుటుంబంలో ఎవరికైనా క్యాన్సర్ వచ్చి ఉంటే ఆ వివరం, అన్నీ ల్యాబ్ కౌంటర్‌లో ఇవ్వండి. కీమో ఇప్పటికే మొదలుపెట్టి ఉంటే తప్పకుండా చెప్పాలి, దానివల్ల కణాల రూపమే మారిపోతుంది.

రిపోర్ట్ వచ్చాక బెంగళూరులోని క్యాన్సర్ ఆసుపత్రి కిద్వాయ్ లాంటి చోట సెకండ్ ఒపీనియన్ కావాలనుకుంటే, మామూలుగా మళ్లీ ముక్క తీయించక్కర్లేదు. ల్యాబ్‌లో అర్జీ పెట్టి స్లైడ్లు, బ్లాక్ అడగండి, సంతకం చేయించుకుని ఇస్తారు. కవరు మీది నంబరు రిపోర్ట్ నంబరుతో సరిపోయిందో లేదో అక్కడే చూసుకోండి. బ్లాక్ మైనంతో చేసింది కాబట్టి ఎండలో నిలిపిన కారులో మాత్రం వదిలేయకండి.