మదింపు వేరు, విధింపు వేరు

సందేహం: ఆస్తి పన్ను సంస్కరణల గురించి రాసేటప్పుడు ‘పన్ను మదింపు’, ‘పన్ను విధింపు’ అనే మాటల్ని ఒకదానికి బదులు ఒకటి వాడుతున్నారు. అలా వాడొచ్చా? ‘పునర్మదింపు’ సరైన మాటేనా?

సమాధానం: వాడకూడదు. ఆస్తి విలువెంతో, దాన్నిబట్టి పన్ను ఎంతవుతుందో లెక్క తేల్చడం మదింపు. ఆ పన్నును చట్టప్రకారం వేయడం విధింపు. ఈ రెండూ కలిసిపోతే సంస్కరణే తప్పుగా అర్థమవుతుంది. కొత్త మదింపులో ఒక ఊరి ఆస్తులన్నిటి విలువా రెట్టింపైందనుకుందాం. పన్ను రేటును సగానికి తగ్గిస్తే ఎవరు కట్టే సొమ్మూ మారదు. అయినా ‘ఆస్తి పన్ను రెట్టింపు’ అని శీర్షిక పెడితే జనం ఊరికే టెన్షన్ పడతారు. అసలు మార్పు వచ్చేది విలువలు హెచ్చుతగ్గులుగా పెరిగినప్పుడు. రాబడి మొత్తం పాత స్థాయిలోనే ఉండేలా రేటు తగ్గిస్తే, సగటు కన్నా ఎక్కువ పెరిగిన ఆస్తికి పన్ను పెరుగుతుంది, తక్కువ పెరిగినదానికి తగ్గుతుంది. అందుకే విలువ, రేటు, పన్ను అనే మూడు మాటల్నీ విడివిడిగా వాడాలి.

కొన్ని పద్ధతుల్లో పన్ను లెక్కకు ఆధారమయ్యే ‘అద్దె విలువ’ను ‘అద్దె’ అని కుదించడం కూడా పొరపాటే. సొంతింట్లో ఉండేవారికి అద్దె రాదు. కానీ ఆ ఇంటిని అద్దెకిస్తే ఎంత రావచ్చో అదే దాని అద్దె విలువ. మూలధన విలువ మీద పన్ను వేసే పద్ధతిలో ఆస్తి ధరే ఆధారం.

వర్గాల పేర్ల దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. ‘నివాసేతర’ అన్నచోట ‘వాణిజ్య’ అని రాసేస్తుంటారు. బడి నివాసం కాదు, అలాగని దుకాణమూ కాదు. నివాసేతర భవనాల్లో వాణిజ్య భవనాలు ఒక భాగం మాత్రమే. వర్గాన్నిబట్టి రేటు మారేచోట ఈ ఒక్క మాటతో బడికి దుకాణం రేటు పడినట్టు అర్థమొస్తుంది.

ఇక ‘పునర్మదింపు’. ‘పునః’ సంస్కృతం, ‘మదింపు’ తెలుగు. వ్యాకరణ పట్టింపు ఉన్నవారు దీన్ని వైరి సమాసం, అంటే పొసగని మాటల కలయిక అంటారు. వాడుకలో ఉంది కాబట్టి నేను తప్పుపట్టను. కానీ ప్రజలకిచ్చే నోటీసులో ‘మీ ఇంటికి మళ్లీ విలువ కట్టాం’ అంటే అందరికీ తెలుస్తుంది. విలువ కట్టేది అధికారి, పన్ను కట్టేది యజమాని. క్రియ ఒకటే గనక ‘కట్టారు’ అని రాసినప్పుడు ఎవరు కట్టారో కూడా చెప్పండి.