గిన్నెలు ఎవరు కడిగారు?

అమ్మాయీ,

నువ్వు పంపిన బొమ్మల కథ పదకొండో పేజీ దాకా చదివి పక్కన పడేశాను. మర్నాడు అంట్లు తోముకుంటుంటే మళ్ళీ గుర్తొచ్చింది, మిగతాదీ చదివేశాను, అందుకే ఈ ఉత్తరం.

ఆ పేజీలో నీ మంత్రగత్తె పిల్ల చిటికె వేస్తుంది. సింకులో గిన్నెలు వాటంతటవే శుభ్రమైపోయి అలమరలోకి ఎగిరిపోతాయి. ఆ పిల్లా, స్నేహితురాలూ కిటికీ దగ్గర కూర్చుని టీ తాగుతారు. నాకు ఒళ్ళు మండిపోయింది. వాళ్ళిద్దరికీ స్నేహం కుదరాల్సింది ఆ గిన్నెల దగ్గరే కదా! ఒకరు తోమితే ఇంకొకరు కడగాలి, జిడ్డు పోలేదని ఒకరు విసుక్కోవాలి. ఆ పది నిమిషాలూ నువ్వు చిటికెలో తీసి అవతల పారేశావు.

పద్నాలుగో పేజీలో స్నేహితురాలు చిరిగిన చొక్కా చెయ్యి కుట్టి, దారం పళ్ళతో తెంపే ప్యానెల్ మాత్రం బాగుంది. దాని జోలికి వెళ్ళకు.

'ఫ్లయింగ్ విచ్' అంటే ప్రాణమని రాశావు. మా మనవరాలి పుణ్యమా అని నేనూ చదివాను. ఇషిజుకా చిహిరో 2012 నుంచి గీస్తున్న ఆ మాంగాలో, అదే జపాన్ బొమ్మల కథలో, నీకు మంచు, పిల్లి, హాయి కనిపించాయి. నాకు పని కనిపించింది. అందులో మంత్రగత్తె పిల్ల మకోతో పదిహేనేళ్ళకే యొకొహామా వదిలి, జపాన్ ఉత్తరాన హిరొసాకిలో చుట్టాలింటికి వస్తుంది. చీపురు కోసం మాయా లేదు, మంత్రమూ లేదు, షాపుకే వెళుతుంది. మనం చెప్పుల షాపులో నాలుగడుగులు వేసి చూసుకున్నట్టు అక్కడే గాల్లోకి లేచి చూసుకుంటుంది. పక్కనున్న చిన్నపిల్ల నోరెళ్ళబెడుతుంది. తర్వాత పెరట్లో మడి తవ్వుతుంది. మంచు కరగగానే నేల చీల్చుకొచ్చే చేదు మొగ్గల్ని అక్కడివాళ్ళు బక్కె అంటారు. వాటిని కోసుకొచ్చి మన బజ్జీల్లా పిండిలో ముంచి వేయించుకుంటారు. ఇక మంత్రాల సంగతంటావా, ఆ పిల్ల ఎంతో ప్రేమగా ఒక మాండ్రేక్ దుంప పెరికి స్నేహితురాలికి కానుకగా ఇస్తుంది. అది కెవ్వుమంటుంది, స్నేహితురాలు హడలిపోతుంది. చూశావా, మంత్రం వల్ల స్నేహానికి ఇబ్బందే గానీ సాయం లేదు.

'కికీస్ డెలివరీ సర్వీస్' నవల్లో మంత్రగత్తె పిల్ల కికీ సంగతీ అంతే. కదొనో ఎయికో 1985లో రాసిన ఆ పదమూడేళ్ళ పిల్ల చీపురెక్కి చేసేదేమిటి? ఇంటింటికీ సరుకులు చేరవేయడం. ఎగరడం ఆ పిల్లకి ఉద్యోగం.

నీ మొదటి పేజీ నిండా చెర్రీ పూలు రాలుతున్నాయి, ఊరు హిరొసాకి అన్నావు. మంచిది. అక్కడి కోట పార్కులో 2,600 దాకా చెర్రీ చెట్లున్నాయి. చెర్రీ కొమ్మ కోసేవాడు వెర్రివాడని జపాన్‌లో సామెత. అయినా హిరొసాకి వాళ్ళు ఆపిల్ తోటల్లో నేర్చుకున్న పద్ధతిలో ఆ చెట్లకీ కొమ్మలు కత్తిరిస్తారు, అందుకే పూలు అంత గుత్తులుగా వస్తాయి. నీ బొమ్మలో పూలున్నాయి. నిచ్చెనేదీ? కత్తెరేదీ?

నా వయసు ఇరవై మూడప్పుడు బెజవాడ నుంచి ఒక పిల్లల పత్రికకి కథ పంపాను. అమ్మమ్మా మనవరాలూ కూర్చుని ఆవకాయకి ముక్కలు తుడుస్తారు, అంతే కథ. "ఇందులో ఏం జరిగిందమ్మా?" అన్నారు ఎడిటర్ గారు. అచ్చయ్యాక చూస్తే చివరి పేరాలో రాక్షసుడొచ్చి జాడీ ఎత్తుకుపోయాడు! ప్రెస్సులో పాత రాక్షసుడి బొమ్మ అచ్చేసే బ్లాకు ఒకటి ఊరికే పడుందట. ముప్పై రూపాయల మనియార్డరు వచ్చింది, అందులో రాక్షసుడి వాటా ఎంతో నేను అడగలేదు. ఇప్పటి ఎడిటర్లు దాన్నే ట్విస్టు అంటున్నారు. నీ కథలో ఆఖరి పేజీకి ఊడిపడిన ఆ నల్ల మేఘం కూడా ఆ బాపతే. ఎవరో చెబితే పెట్టి ఉంటావు. తీసెయ్.

మంత్రగత్తె అనాలా, విచ్ అనాలా అని అడిగావు. మన పల్లెల్లో ఆ నింద వేసి ఆడవాళ్ళని కొట్టి చంపిన వార్తలు చదివినదాన్ని, నాకా మాట రాయాలంటే చెయ్యి ఆగుతుంది. నువ్వే తేల్చుకో. ఏ ట్యాబ్ కొనాలన్నది మాత్రం నన్నడక్కు.

పదకొండో పేజీ మళ్ళీ గీసి పంపు. హిరొసాకి ఏప్రిల్ కాబట్టి నీళ్ళు చల్లగా ఉండాలి, వేళ్ళు ఎర్రబడాలి. నురగ ఎవరి మోచేతి దాకా వచ్చిందో కనబడాలి. పిల్లి మాత్రం ఏ పనీ చెయ్యక్కర్లేదు.

ఆశీస్సులతో,
మీ అమ్మమ్మ వయసు మనిషి