వియన్నా కథ రాస్తున్న అమ్మాయికి

అమ్మాయికి ఆశీస్సులు.

నీ కథ అందింది. 1938లో వియన్నా విడిచి వెళ్లిన ఒక యూదు కుటుంబం గురించి రాస్తున్నావని తెలిసి నీ స్నేహితులు "మనకెందుకు ఆ యూరప్ గొడవ" అన్నారట. అననీ. ఓపికగా తెలుసుకునేవాళ్లు ఏ ఊరి కథైనా రాయవచ్చు. నాకు పేచీ వచ్చింది ఆ ఓపిక దగ్గరే. భాష బాగుంది, తల్లీకూతుళ్ల మాటలు ఇంకా బాగున్నాయి. కానీ ఆ మనుషులు నిజంగా ఏ ఇరకాటంలో ఉన్నారో నీకు ఇంకా చిక్కలేదు.

మూడవ పేజీలో తల్లి చేత "మనందరినీ విషవాయువుతో చంపేస్తారు" అనిపించావు. నీ కథలో అప్పటికి 1938 నవంబరు. యూదులను విషవాయువుతో సామూహికంగా చంపే మొదటి కేంద్రం పని మొదలుపెట్టింది 1941 డిసెంబరులో. ఆవిడకు అప్పటికి తెలిసినవి వేరు. మార్చిలో హిట్లర్ సైన్యం దిగగానే యూదుల చేత వీధులు కడిగించారు, ఇరుగుపొరుగువాళ్లు చుట్టూ నిలబడి నవ్వారు. భర్త వృత్తి పోయింది. నవంబరు 9 రాత్రి ప్రార్థనా మందిరాలు తగలబడ్డాయి. జర్మనీ, ఆస్ట్రియాలలో సుమారు 30,000 మంది యూదు పురుషులను పట్టుకుని డాఖౌ, బూఖెన్‌వాల్ట్, జాక్సెన్‌హౌసెన్ నిర్బంధ శిబిరాలకు తరలించారు. వాళ్లలో దేశం వదిలిపోతామని రుజువు చూపించినవాళ్లను విడిచిపెట్టారు కూడా. దోచుకుని తరిమేయడమే ఆనాటి నాజీ విధానం. యూదులు దేశం దాటకూడదన్న నిషేధం వచ్చింది 1941 అక్టోబరులో. జరగబోయేది నీకు తెలుసు, ఆవిడకు తెలియదు. మా ఆయనను డాఖౌ నుంచి బయటపడేసే కాగితం ఏ కాన్సులేటులో దొరుకుతుంది అన్నదే ఆవిడ బాధ. కథను దాని మీద నడిపించు.

అందుకే సైనికుల బూట్ల చప్పుడు కొంత తగ్గించి కాగితాల సంగతి చూడమంటున్నాను. 1938 ఆగస్టులో నాజీ అధికారి ఐక్‌మన్ వియన్నాలో యూదుల వలసల కోసం ఒక కేంద్ర కార్యాలయం తెరిచాడు. రోత్‌షిల్డ్ అనే యూదు బ్యాంకర్ల కుటుంబం నుంచి లాక్కున్న భవనం అది. పన్నుల గుమాస్తా, పోలీసు, పాస్‌పోర్టు అధికారి అందరూ ఒకే కప్పు కింద కూర్చునేవారు. ఇల్లూ వాకిలీ ఉన్న మనిషి ఒక వైపు నుంచి లోపలికి వెళ్లి, అన్నిటి మీదా సంతకాలు పెట్టి, చేతిలో ఒక్క పాస్‌పోర్టుతో అవతలి వైపు నుంచి బయటపడేవాడు. ఆస్తిపరులు దేశం వదిలితే ఆస్తిలో నాలుగో వంతు పన్నుగా కట్టాలి. ఈ పన్ను నాజీల సృష్టి కాదు. డబ్బు దేశం దాటిపోకుండా 1931లో జర్మనీలోని అంతకుముందరి ప్రభుత్వం పెట్టింది. పాత చట్టం కొత్తవాళ్ల చేతుల్లో ఎలా పదునెక్కుతుందో చూపించడానికి నీకు ఇంతకంటే మంచి వస్తువు దొరకదు. అంతా అయ్యాక వెంట తీసుకుపోనిచ్చేది మనిషికి పది మార్కులు. ఆ ఏడాది అక్టోబరు నుంచి యూదుల పాస్‌పోర్టుల మీద ఎర్రటి 'జె' అక్షరం పడింది. సరిహద్దులోనే యూదులను గుర్తుపట్టాలని స్విట్జర్లాండు అధికారులు జర్మనీతో జరిపిన సంప్రదింపుల ఫలితం అది. శాంతికాముక దేశమని మనం పాఠాల్లో చదువుకున్న స్విట్జర్లాండే!

నీ కథలో తాతగారు గలీషియాలో పుట్టారని ఒక వాక్యం రాసి వదిలేశావు. నాకైతే అక్కడే అసలు కథ కనిపించింది. అమెరికా వీసాలకు దేశాలవారీ కోటా ఉండేది. చూసేది పుట్టిన చోటునే, పౌరసత్వాన్ని కాదు. జర్మనీకి, ఆస్ట్రియాకు కలిపి ఏడాదికి 27,370 వీసాలు. పోలండుకు 6,524. గలీషియా ఒకప్పుడు ఆస్ట్రియా సామ్రాజ్యంలోదే, మొదటి ప్రపంచయుద్ధం తర్వాత పోలండులో కలిసింది. కాబట్టి ఆ పెద్దాయన జీవితమంతా వియన్నాలో గడిపినా పోలండు వరుసలోనే నిలబడాలి. వియన్నాలో పుట్టిన కొడుకు వేరే వరుస. కొడుకు వంతు ముందు వస్తుంది. అప్పుడు తండ్రి "మీరు వెళ్లండి, నేను తర్వాత వస్తాను" అంటాడు. ఎవరూ ఏడవనక్కరలేదు. ఆ మాట వెనుక ఎంత లెక్క ఉందో పాఠకుడికి ముందే తెలిసి ఉంటే చాలు. దానికి తోడు, వచ్చినవాళ్లను మేం పోషిస్తామని అమెరికాలోని బంధువు ఎవరైనా అఫిడవిట్ ఇవ్వాలి, తన ఆదాయం వివరాలతో సహా. ముఖపరిచయం లేని దూరపు చుట్టాన్ని పిల్లల పోషణకు హామీ ఇమ్మని అడుగుతూ ఉత్తరం రాయడం ఎంత కష్టమో ఊహించు. ఎంత వినయంగా రాయాలి? ఎంత భయం దాచుకోవాలి? ఆ ఉత్తరం నీ కథలో ఉండాలి.

ప్రతి కాగితానికీ గడువు ఉంటుందని మరచిపోకు. పన్ను కట్టిన ధ్రువపత్రం ఎల్లకాలం చెల్లదు. గమ్యం వీసా చూపితే తప్ప దారిలోని దేశం అనుమతి ఇవ్వదు. ఒకటి చేతికి వచ్చేలోపు ఇంకొకటి మురిగిపోతుంది.

ఇక దుర్మార్గుల విషయం. నీ కథలో చెడ్డవాళ్లంతా యూనిఫారం వేసుకున్నారు. 1938 జులైలో ఫ్రాన్సులోని ఎవియాన్ పట్టణంలో 32 దేశాల ప్రతినిధులు కూర్చుని కాందిశీకుల గురించి మాట్లాడారు. అందరూ సానుభూతి చూపించారు. పెద్ద సంఖ్యలో తీసుకుంటామని ముందుకొచ్చింది డొమినికన్ రిపబ్లిక్ ఒక్కటే. మాకు జాతి సమస్య లేదు, దాన్ని దిగుమతి చేసుకోదలచలేదని ఆస్ట్రేలియా ప్రతినిధి బాహాటంగానే అన్నాడు. కాన్సులేటులో కిటికీ వెనుక కూర్చుని, మర్యాదగా, గొంతు పెంచకుండా "వచ్చే ఏడాది రండి" అనే గుమాస్తాను నీ కథలో పెట్టు. అతనికి ఇంటి దగ్గర పిల్లలుంటారు, సాయంత్రం ఐదింటికి కిటికీ మూస్తాడు. నాకు ఐక్‌మన్ కంటే ఇతనితోనే ఎక్కువ పని ఉందనిపిస్తుంది.

తల్లిని ఇంగ్లండు పంపించావు, మంచిది. కానీ ఎలా వెళ్లింది? ఆమె వయసు స్త్రీలలో చాలామందికి దొరికింది ఇంటిపని వీసా. దాదాపు 20,000 మంది యూదు స్త్రీలు అలా బ్రిటన్ చేరారు. వియన్నాలో వంటమనిషిని, పనిమనిషిని పెట్టుకున్న న్యాయవాది భార్య, ఇంగ్లండులో ఎవరింట్లోనో తెల్లవారుజామున లేచి పొయ్యిలోని బొగ్గు బూడిద ఎత్తుతుంది. ప్రాణం దక్కిందన్న కృతజ్ఞత ఉంటుంది, ఆ ఇంటావిడ మీద కోపమూ ఉంటుంది. తన పాత పనిమనిషిని ఎలా చూసిందో గుర్తుకు వస్తుంది. దయచేసి ఆవిడను దేవతను చెయ్యకు. అహంకారం, చాడీలు, పొదుపు, పిచ్చి హాస్యం, కాఫీ బాగాలేదని సణుగుడు అన్నీ ఉండనివ్వు. బాధపడినవాళ్లంతా మంచివాళ్లయి ఉండాలని మనం పెట్టే షరతు చాలా క్రూరమైనది.

కూతురు పిల్లల రైలులో వెళ్లడం గురించి రాసిన భాగం నీ కథలో ఉత్తమం. ఆ పద్ధతిలో దాదాపు 10,000 మంది పిల్లలు బ్రిటన్ చేరారు, తల్లిదండ్రులకు అనుమతి లేదు. మొదటి బృందం 1938 డిసెంబరు 2న హార్విచ్ రేవులో దిగింది. అయితే ఒక పొరపాటు దిద్దాలి: తల్లి ఓడ దాకా వచ్చి సాగనంపినట్లు రాశావు. వియన్నా పిల్లలకు తల్లిదండ్రుల వీడ్కోలు రైల్వేస్టేషన్‌లోనే. అక్కడి నుంచి జర్మనీ, హాలండు దాటాక ఓడ.

యుద్ధం మొదలయ్యాక మామూలు ఉత్తరాలు ఆగిపోయాయి. రెడ్‌క్రాస్ ద్వారా 25 మాటలకు మించని సందేశం పంపుకోవచ్చు. అది జెనీవా మీదుగా, తనిఖీలు దాటుకుంటూ నెలల తరబడి ప్రయాణించేది. నీ కథలో తాతగారు మనవరాలికి రెండు పేజీల ఉత్తరం రాశారు, అందులో మానవజాతి గురించి ఉపన్యాసం ఉంది. కొట్టెయ్యి. పాతిక మాటలు రాయించు. బాగున్నాను, నువ్వు బాగా తింటున్నావా, ఇంగ్లిషు వచ్చిందా, కొద్దిరోజుల్లో ఊరు మారుతున్నాను. ఊరు మారడమంటే ఏమిటో ఆ పిల్లకు అర్థం కాదు, పాఠకుడికి అర్థమవుతుంది. నువ్వు మధ్యలో దూరి వివరించకు.

సెయింట్ లూయిస్ ఓడ ప్రస్తావన అనవసరం. అది అందరూ వాడేసిన ఉదంతం, నీ కుటుంబానికి దానితో సంబంధం లేదు. అయినా ఉంచాలంటే తెలిసి ఉంచు. 1939 మే 13న 937 మందితో, దాదాపు అందరూ యూదు కాందిశీకులే, హాంబర్గ్‌లో క్యూబాకు బయలుదేరింది. వాళ్లలో చాలామంది దగ్గరున్న అనుమతి పత్రాలను క్యూబా ప్రభుత్వం అంతకు ఎనిమిది రోజుల ముందే రద్దు చేసింది. హవానాలో దిగగలిగినవాళ్లు 28 మంది. అమెరికా కూడా రానివ్వలేదు. తిరిగి యూరప్ వచ్చినవాళ్లలో 254 మంది తర్వాత హతులయ్యారు. కథకుడికి పనికొచ్చేది మాత్రం ఈ అంకెలు కాదు. వెళ్లేటప్పుడు ఆ ఓడలో నాట్యాలు జరిగాయి, పిల్లలు ఈత కొలనులో ఆడుకున్నారు.

చివరికి బొంబాయి. షాంఘైకి వెళ్లే మేనమామ ఓడ బొంబాయిలో ఆగినప్పుడు ఒక తెలుగు యువకుడు అతనికి అన్నం పెట్టినట్లు రాశావు. షాంఘైలో దిగడానికి వీసా అక్కరలేకపోవడం, వియన్నాలోని చైనా కాన్సుల్ హో ఫెంగ్‌షాన్ దేశం వదిలిపోతామన్న రుజువుగా చూపుకోవడానికి ఉదారంగా వీసాలిచ్చి పిల్లలను, పెద్దలను గట్టెక్కించడం, ఇటలీ ఓడలు సూయెజ్ దాటి బొంబాయి, కొలంబో, సింగపూరుల మీదుగా వెళ్లడం, అన్నీ నిజమే. కానీ ఆ యువకుడు మనకు సంతోషం కలిగించడానికి తప్ప దేనికీ లేడు. భారతదేశాన్ని తేవాలనుకుంటే అసలు విషయం ఉంది. 1934 నుంచే బొంబాయిలో యూదుల సహాయ సంఘం పనిచేసింది. ఆ ఏడాదే ఆ నగరానికి వచ్చిన యూదు సంగీతకారుడు వాల్టర్ కౌఫ్‌మన్ తర్వాత ఆకాశవాణిలో పాశ్చాత్య సంగీత విభాగం చూశాడు. మన ఇళ్లలో తెల్లవారగానే వినిపించిన ఆకాశవాణి సంకేత సంగీతం ఆయన స్వరపరచినదే. 1939 సెప్టెంబరులో యుద్ధం ప్రకటించగానే, హిట్లర్ నుంచి పారిపోయి వచ్చిన యూదులను కూడా ఇక్కడి బ్రిటిష్ ప్రభుత్వం జర్మన్లన్న పేరుతో పట్టుకుని అహ్మద్‌నగర్ శిబిరంలో పెట్టింది. అదే శిబిరంలో నాజీలూ ఉన్నారు. మేనమామను ఓడ దింపి అక్కడికి పంపించగలిగితే పంపించు, లేకపోతే బొంబాయి పేరాలు తీసెయ్యి.

మార్చిన ప్రతి దసరా తర్వాత పంపించు, తొందర లేదు. దానితోపాటు ఒక కాగితం మీద నలుగురి పేర్లు రాసి, ఎవరు ఎక్కడ పుట్టారు, ఏ వరుసలో ఉన్నారు, ఎవరి పాస్‌పోర్టు ఎప్పుడు వచ్చింది, ఏ వీసా గడువు ఎప్పుడు తీరుతుంది అన్నది తేదీలతో పట్టిక వేసి జతచెయ్యి. ముందు దాన్నే చూస్తాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు