నీళ్ల కింద విశాఖ: పాఠకుల ప్రశ్నలు, డైవర్ల జవాబులు

ప్రశ్న: అండమాన్‌లో ఓపెన్ వాటర్ (డైవింగ్‌లో మొదటి మెట్టు) కోర్సు చేశాను. రెండేళ్లుగా మళ్లీ నీళ్లలో దిగలేదు. ఈసారి ముగ్గురు స్నేహితులం మూడు రోజులు విశాఖ వచ్చి డైవింగ్ చేద్దామనుకుంటున్నాం. ఆ తీరం మాకు కొత్త. ఎప్పుడు రావాలి, ముందుగా ఏం చూసుకోవాలి?
– ఓ పాఠకుడు, కూకట్‌పల్లి, హైదరాబాద్

జవాబు: ముందు అండమాన్‌ను మనసులోంచి తీసేయండి. అక్కడి నీళ్లు అద్దంలా ఉంటాయి. ఇక్కడ మంచి రోజున ఐదు నుంచి పది మీటర్ల దూరం కనిపిస్తే అదృష్టమే. చెడ్డ రోజున చాచిన చేతి వేళ్లే కనపడవు. పగడాల తోటల కోసమైతే రావద్దు. రుషికొండ, భీమిలి వైపు డైవింగ్ అంతా రాళ్ల మీదే. విజయనగరం జిల్లా చింతపల్లి తీరంలో మునిగిన ఓడ ఒకటుంది. రాతి పగుళ్లలో, ఇనుప రేకుల సందుల్లో టార్చి వేసి ఓపిగ్గా వెతికేవాళ్లకు లయన్ ఫిష్, పాముల్లాంటి మోరే ఈల్స్ లాంటివి కనిపిస్తాయి. ఇది చూపు కంటే ఓపికకు పని చెప్పే సముద్రం.

కాలం సంగతి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి కెరటాలు అడుగు ఇసుకను లేపుతూనే ఉంటాయి. వానలు తగ్గాక బాగుంటుందనుకుని అక్టోబరులో వచ్చేవాళ్లు చాలామంది. అదే తప్పు లెక్క. ఆ నెలల్లో తీరం వెంబడి ప్రవాహం ఉత్తరం నుంచి దక్షిణానికి తిరుగుతుంది. గంగ, మహానది లాంటి నదుల వరద నీళ్లు దాంతోపాటే కిందికి దిగుతాయి. పైగా తుపానుల కాలం. హుద్‌హుద్ విశాఖను తాకింది 2014 అక్టోబరు 12నే. జనవరి నుంచి ఏప్రిల్ దాకా రావడమే మెరుగు. ఫిబ్రవరి తర్వాత ప్రవాహం ఉత్తరానికి మళ్లుతుంది. మార్చి, ఏప్రిల్‌లలో మాత్రం ఓ చిక్కుంది. నైరుతి గాలి పైనీళ్లను ఒడ్డు నుంచి అవతలికి నెట్టేస్తే, అడుగు నుంచి చల్లటి నీళ్లు పైకొస్తాయి. వాటిలోని పోషకాలతో నాచు పెరిగి నీళ్లు నాలుగైదు రోజులు ఆకుపచ్చగా మసకబారతాయి. పైన ఎండ మండుతున్నా కింద వణుకు పుడుతుంది. అందుకే ఎండాకాలమైనా 3 మిల్లీమీటర్ల సూటు వేసుకోండి. సంక్రాంతి వారం తప్పించండి. పడవలు కిక్కిరిసి, నలుగురికి ఉండాల్సిన గైడు ఎనిమిదిమందికి అవుతాడు.

బయల్దేరే నాలుగు రోజుల ముందు నుంచి హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (జాతీయ సముద్ర సమాచార కేంద్రం) ఇచ్చే సముద్ర సూచన చూడండి, ఉచితమే. కెరటం ఎత్తొక్కటే చూసి ఊరుకోవద్దు. కెరటానికీ కెరటానికీ ఎడం ఎన్ని సెకన్లో కూడా చూడండి. ఎత్తు ఒక మీటరే అయినా ఎడం 12 సెకన్లు దాటితే, ఆ ఊపు పది మీటర్ల లోతులో కూడా మనిషిని ముందుకూ వెనక్కీ ఊపుతూ ఇసుక లేపుతుంది. ఎత్తు ఒకటిన్నర మీటర్లు దాటితే ఆ రోజు వదిలేయండి. అమావాస్య, పౌర్ణమి దగ్గరి రోజుల్లో పోటుపాట్ల తేడా ఎక్కువ, నీటి లాగుడూ ఎక్కువ. అష్టమి చుట్టుపక్కల రోజులు నయం.

మూడు రోజులూ డైవింగ్‌కే రాసుకోవద్దు. ఒకటి ఖాళీగా ఉంచుకోండి. ఖాళీ రోజు లేనివాళ్లే బాగోలేని నీళ్లలో దిగుతారు, ‘ఇంత దూరం వచ్చాం కదా’ అని. ప్రమాదాల్లో సగం అక్కడే మొదలవుతాయని మా అభిప్రాయం.

రెండేళ్ల విరామం తర్వాత నేరుగా సముద్రంలోకి వద్దు. హైదరాబాద్‌లోనే ఏదైనా ఈతకొలనులో రిఫ్రెషర్ చేయండి. మాస్క్‌లోంచి నీళ్లు వదలడం, నోట్లోంచి జారిన రెగ్యులేటర్‌ను (సిలిండర్ గాలి నోటికి అందించే పరికరం) వెతికి పట్టుకోవడం, తోడు డైవర్‌తో గాలి పంచుకోవడం. ఈ మూడూ కళ్లు మూసుకుని చేయగలగాలి. ఎందుకంటే ఇక్కడ నిజంగానే కళ్లు మూసుకున్నట్టే ఉండొచ్చు. కొలనులో సరిపోయిన బరువు ఉప్పునీళ్లలో చాలదు, రెండు మూడు కిలోలు ఎక్కువ పడుతుంది. ఊహించి బెల్టుకు వేసేయొద్దు. సిలిండర్ దాదాపు ఖాళీ అయ్యాక, బీసీడీలో (తేలడానికి గాలి నింపుకునే జాకెట్టు) గాలి పూర్తిగా వదిలేసి, మామూలు ఊపిరి పట్టి కదలకుండా నిలబడండి. నీటిమట్టం కళ్ల దగ్గర ఆగితే బరువు సరి. నిండు సిలిండర్‌తో పరీక్షిస్తే డైవ్ చివర పైకి తేలిపోతారు. లోపలి గాలికే రెండు కిలోలకు పైగా బరువుంటుంది మరి.

డబ్బు కట్టే ముందు ఫోన్‌లో ఇవి అడగండి: పడవలో ఆక్సిజన్ సిలిండర్, మాస్క్ ఉన్నాయా? మనం నీళ్లలో ఉన్నంతసేపూ పడవ మీద ఒక మనిషి ఉంటాడా? ఒక గైడుకు ఎంతమంది? మసక నీళ్లలో ఇద్దరికి మించితే వద్దు. దగ్గర్లో రీకంప్రెషన్ చాంబర్ (ఒత్తిడి పెంచి డైవర్లకు చికిత్స చేసే గది) ఎక్కడుంది, అక్కడికి ఎలా తీసుకెళ్తారు? సముద్రం బాగోలేదని మీరే రద్దు చేస్తే డబ్బు తిరిగిస్తారా? చివరి ప్రశ్నకు నసిగేవాళ్లు బాగోలేని రోజున కూడా దింపుతారు.

ప్రశ్న: మసక నీళ్లలో దారి తప్పితే? పక్కవాళ్లు కనబడకపోతే?
– పేరు రాయని పాఠకురాలు, మద్దిలపాలెం

జవాబు: తోడు డైవర్‌కు చేయి చాస్తే అందేంత దూరంలోనే ఈదండి. చెరో టార్చి ఉండాలి, పగలైనా సరే. కనపడకపోతే ఒక్క నిమిషం చుట్టూ తిరిగి చూడండి. దొరక్కపోతే నెమ్మదిగా పైకి రండి, తోడు డైవర్‌ కూడా అదే చేయాలి. ఈ ఒప్పందం పడవ మీదే చెప్పుకోవాలి. విశాఖ తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి వాలుగా సాగుతుంది కాబట్టి దిక్సూచిలో వాయవ్యం చూపిస్తే ఒడ్డు, ఆగ్నేయం చూపిస్తే లోతు. దిగేముందు ఒడ్డు వైపు సూది ఎక్కడుందో చూసి గుర్తుపెట్టుకోండి.

పైకి వచ్చేటప్పుడు నిమిషానికి 9 మీటర్లకు మించొద్దు. 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగండి. అక్కడి నుంచే గాలి నింపిన నారింజ రంగు గుర్తు గొట్టాన్ని పైకి వదలండి. మరపడవల వాళ్లకు నీళ్లలోని తల కనపడదు, గొట్టం కనపడుతుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా చేపల వేట నిషేధంలో పెద్ద బోట్లు ఆగినా, చిన్న తెప్పలు తిరుగుతూనే ఉంటాయి. రాళ్లకూ ఓడకూ చిక్కుకుపోయిన పాత వలలే ఇక్కడి అసలు బెడద. చిన్న కత్తెరో, దారం కోసే కట్టరో బీసీడీ ముందు భాగంలో, రెండు చేతులకూ అందేలా కట్టుకోండి. కాలికి కట్టిన కత్తికి వల పట్టుకున్నాక చెయ్యి అందదు. చిక్కుకుంటే తిరగొద్దు, తిరిగితే ఇంకో చుట్టు పడుతుంది.

హార్బర్ కాలువ, డాల్ఫిన్స్ నోస్ వైపు వెళ్లే ఆలోచనే వద్దు. అది నౌకాదళం, ఓడల రాకపోకల ప్రాంతం.

ప్రశ్న: సిలిండర్ ఎంతసేపు వస్తుందో ఎలా లెక్కేయాలి? మాకు 12 లీటర్లదని చెప్పి 10 లీటర్లది ఇచ్చారు.
– ఓ పాఠకుడు, గాజువాక

జవాబు: 12 లీటర్ల సిలిండర్‌లో 200 బార్ (బార్ అంటే గాలి ఒత్తిడి కొలత) ఉంటే 2,400 లీటర్ల గాలి. 50 బార్ ముట్టుకోకూడదు కాబట్టి వాడుకోదగింది 1,800. కొత్తవాళ్లు ఒడ్డున నిమిషానికి 25 లీటర్లు పీలుస్తారనుకుందాం. పది మీటర్ల లోతులో ఒత్తిడి రెట్టింపు కనుక 50 లీటర్లు, అంటే 36 నిమిషాలు. 18 మీటర్లలో 70 లీటర్లు, పాతిక నిమిషాలే. మీకిచ్చిన 10 లీటర్ల దాంట్లో పది మీటర్ల దగ్గర 30 నిమిషాలు. అడిగి మార్పించుకోవాల్సింది. ఎదురు ఒరవడిలో ఈదితే, భయపడితే, బరువు ఎక్కువైతే ఈ లెక్కలు ఇంకా కుంచించుకుపోతాయి. 100 బార్ దగ్గర వెనక్కి తిరగండి.

దిగేముందు రెగ్యులేటర్‌తో నాలుగుసార్లు పీలుస్తూ గేజ్ చూడండి. పీల్చినప్పుడల్లా ముల్లు దిగి లేస్తుంటే వాల్వు పూర్తిగా తెరవలేదన్నమాట. గాలి నూనె వాసనో, పొగ వాసనో కొడితే ఆ సిలిండర్ ముట్టుకోవద్దు. కంప్రెసర్ గాలి పీల్చుకునే గొట్టం ఇంజను పొగ దగ్గరుంటే కార్బన్ మోనాక్సైడ్ కూడా లోపలికి వెళ్తుంది, దానికి వాసన ఉండదు.

ప్రశ్న: శనివారం పొద్దున డైవింగ్, మధ్యాహ్నం కారులో అరకు, ఆదివారం విమానం. కుదురుతుందా?
– ఓ పాఠకురాలు, విజయవాడ

జవాబు: కుదరదు. చాలామంది వేసుకునే ప్లాన్ ఇదే, ప్రమాదకరమైన ప్లాన్ కూడా ఇదే. లోతులో ఒంట్లోకి కరిగిన నైట్రోజన్ బయటికి పోవడానికి గంటలు పడుతుంది. ఈలోగా పైగాలి ఒత్తిడి తగ్గితే బుడగలు కడుతుంది. సోడా సీసా మూత తీసినట్టే. అరకు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల పైన. దారిలో ఘాట్ ఇంకా ఎత్తు. ఒంటికి సంబంధించినంత వరకు ఘాట్ ఎక్కడమూ విమానం ఎక్కడమూ ఒకే కోవలోవి. ఒక్క డైవ్ అయితే కనీసం 12 గంటలు, ఒకటికి మించితే 18 గంటలు ఆగాలి. శనివారం రెండు డైవ్‌లు చేసి 11 గంటలకు పైకొస్తే ఆదివారం ఉదయం 5 దాకా కొండా లేదు, విమానమూ లేదు. తిప్పేసుకోండి: శుక్రవారం అరకు, శనివారం సముద్రం, ఆదివారం విమానం. కొండ దిగి సముద్రంలోకి వెళ్లడంలో ఇబ్బంది లేదు.

డైవ్ తర్వాత కీళ్ల నొప్పి, చర్మం మీద మచ్చలు, తిమ్మిరి, విపరీతమైన అలసట కనిపిస్తే ‘నిద్రపోతే తగ్గుతుందిలే’ అనుకోవద్దు. వెంటనే ఆక్సిజన్ పెట్టించి ఆస్పత్రికి వెళ్లండి, డైవ్ చేశామన్న సంగతి డాక్టరుకు మొదటే చెప్పండి.

ప్రశ్న: మా బాబుకు 11 ఏళ్లు. మా వారికి 48, ఆస్తమా ఉండేది. నాకు జలుబు. ముగ్గురం దిగొచ్చా?
– ఓ తల్లి, శ్రీకాకుళం

జవాబు: బాబు జూనియర్ కోర్సు చేయొచ్చు, పెద్దవాళ్ల తోడుతో 12 మీటర్ల లోపే. తనకు ఇష్టం లేకపోతే బలవంతం వద్దు. మీవారు ఆస్తమా సంగతి ఫారంలో దాచొద్దు, డాక్టరు రాతపూర్వకంగా సరేనన్నాకే దిగాలి. మీరు మాత్రం వద్దు. జలుబుకు మందేసుకుని దిగితే దాని ప్రభావం కిందే తీరిపోవచ్చు. అప్పుడు పైకొచ్చేటప్పుడు చెవిలో గాలి బయటికి రాక చెవి పొర చిరగొచ్చు.

ప్రశ్న: లయన్ ఫిష్ గుచ్చుకుంటే, జెల్లీఫిష్ తాకితే?
– ఓ పాఠకుడు, భీమిలి

జవాబు: లయన్ ఫిష్ ముల్లు గుచ్చుకున్న చోటును చర్మం కాలకుండా ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో, 45 డిగ్రీలు దాటకుండా, అరగంట నుంచి గంటన్నర ఉంచండి. నొప్పి తగ్గుతుంది. ఫ్లాస్కులో వేడినీళ్లు పడవలో ఉండటం మంచిదే. జెల్లీఫిష్ తాకితే ఇసుకతో రుద్దొద్దు, మంచినీళ్లతో కడగొద్దు. మిగిలిన విషపు కణాలు పగులుతాయి. సముద్రపు నీళ్లతోనే కడిగి, అంటుకున్న తీగలు తీసేశాక వేడినీళ్లు. ఊపిరి ఆడకపోయినా, వాపు పాకుతున్నా 108.