‘అఫర్డబుల్’ అని బోర్డు పెట్టి మాకెందుకు ఇవ్వరండీ?

సంక్రాంతికి నేను పెనుగొండలో పుట్టింట్లో ఉన్నప్పుడు పాలకొల్లు నుంచి ఒక తండ్రీ కూతురూ వచ్చారు. అమ్మాయి వెంకట్రామన్నగూడెం హార్టికల్చర్ యూనివర్సిటీలో చివరి ఏడాది చదువుతోంది. కాలిఫోర్నియాలోని డేవిస్ ఊళ్ళో ఉన్న యూనివర్సిటీకి అప్లై చేసిందట. నేను పాతికేళ్ళుగా ఉంటున్న ఊరు అదేనని ఎవరో చెబితే వెతుక్కుంటూ వచ్చారు. మార్చిలో అడ్మిట్ వచ్చింది, ఇప్పుడు ప్రశ్నలు పంపింది. మొదటి ప్రశ్న ఇది: “పిన్నిగారూ, డేవిస్‌లో చాలాచోట్ల అఫర్డబుల్ హౌసింగ్ అని కనిపిస్తోంది, అద్దె కూడా బాగా తక్కువ. ఫోన్ చేస్తే స్టూడెంట్లకి ఇవ్వం అంటున్నారు. కాలేజీ ఊళ్ళో స్టూడెంట్లకి కాక ఇంకెవరికిస్తారండీ?”

అఫర్డబుల్ అంటే అక్కడ చవక అని కాదు తల్లీ. అది ప్రభుత్వం వాడే మాట, మన దగ్గర టౌన్లలో పేదలకి ప్రభుత్వం కట్టించే టిడ్కో ఇల్లు అన్నట్టు. మన టౌన్లలో 300, 365, 430 చదరపు అడుగులని మూడు రకాల టిడ్కో ఫ్లాట్లు కట్టారు కదా, ఖాళీగా ఉందని ఎవరు పడితే వాళ్ళు వెళ్ళి దిగిపోతారా? అర్హత చూస్తారు. అమెరికాలోనూ అంతే. కాకపోతే అక్కడివి చాలావరకు అద్దె ఇళ్ళు. కుటుంబానికి వచ్చే దాంట్లో ఇంటి ఖర్చు 30 శాతం దాటకూడదని ఒక లెక్క పెట్టుకున్నారు. 1986 నాటి పన్ను చట్టం కింద బిల్డర్‌కి పదేళ్ళపాటు ఫెడరల్ పన్నులో తగ్గింపు ఇస్తారు. అందుకు బదులుగా అతను ఆదాయం తక్కువున్న కుటుంబాలకి తక్కువ అద్దెకి ఇవ్వాలి. ఇంట్లో ఉండేవాళ్ళంతా ఫుల్‌టైమ్ విద్యార్థులైతే ఇవ్వకూడదని ఆ చట్టంలోనే ఉంది. పెళ్ళయి భార్యాభర్తలు కలిపి పన్ను రిటర్న్ వేయగలిగిన వాళ్ళకీ, ఒంటరిగా పిల్లల్ని పెంచుకుంటున్న వాళ్ళకీ, ఇంకొందరికీ మినహాయింపులున్నాయి. నలుగురు పెళ్ళికాని స్నేహితురాళ్ళు కలిసి తీసుకుంటామంటే మాత్రం కుదరదు. ప్రభుత్వమే అద్దెలో కొంత భరించే వోచర్ పథకం ఇంకోటుంది. నీలా ఎఫ్-1 వీసా, అంటే స్టూడెంట్ వీసా మీద వచ్చేవాళ్ళకి అది వర్తించదు.

నీకు కోపం వచ్చింది గానీ, నాకు ఆ రూలు న్యాయంగానే కనిపిస్తుంది. కాగితం మీద చూస్తే స్టూడెంట్‌కి ఆదాయం సున్నా. ఎకరాలున్న వాళ్ళ పిల్లలు కూడా పేదల వరసలో ముందుకొచ్చేస్తారు. క్యాంపస్ క్యాంటీన్‌లో గిన్నెలు తోమే ఆవిడ ఇద్దరు పిల్లల్ని పెట్టుకుని వెయిటింగ్ లిస్టులోనే ఉండిపోతుంది. ఎవరైనా “ఫారంలో స్టూడెంట్ కాదని రాసేయ్, ఎవరూ చూడరు” అని చెబితే వినకు. అబద్ధపు ఫారం మీద సంతకం పెడితే వీసాకే ముప్పు.

మరి మామూలు ఇళ్ళెందుకు అంత ప్రియం అన్నది రెండో ప్రశ్న. దీనికి కొంచెం ఊరి కథ చెప్పాలి.

డేవిస్ జనాభా 67 వేల చుట్టూ. యూనివర్సిటీలో చదివేవాళ్ళు 40 వేల వరకు. 1908లో పిల్లలకి వ్యవసాయం నేర్పడానికి యూనివర్సిటీ ఫార్మ్ అని మొదలైన చోటు అది. ఊరు దాటితే టమాటా, బాదం తోటలు, ఇంకాస్త ముందుకెళ్తే వరి. అవును, వరే. శాక్రమెంటో లోయలో నీళ్ళు నిలబెట్టిన మళ్ళలోకి విమానంతో విత్తనం చల్లుతారు. నాట్లు వేసే మనిషి కనపడడు గానీ, మొదటిసారి చూసినప్పుడు మన నరసాపురం కాలవ గట్టు మీద నుంచున్నట్టే అనిపించి కారు ఆపేశాను.

ఆ పొలాలు పోకూడదని ఊరివాళ్ళు 2000లో ఒక నిబంధన తెచ్చుకున్నారు. పేరు మెజర్ జె. ఊరి అంచున ఉన్న సాగుభూమిలో ఇళ్ళు కట్టాలంటే కౌన్సిల్ ఒప్పుకుంటే చాలదు, ఊరంతా ఓటేసి ఒప్పుకోవాలి. యూనివర్సిటీ ఏడాదికేడాది సీట్లు పెంచుకుంటూ పోయింది. ఊరు మాత్రం ఉన్నచోటే ఉండిపోయింది. 2016లో యూనివర్సిటీ లెక్క తీస్తే అపార్ట్‌మెంట్లలో నూటికి ఒకటి కూడా ఖాళీ లేదు. ఐదు ఖాళీ ఉంటే అద్దెలు అదుపులో ఉంటాయని అక్కడివాళ్ళ అంచనా. ఆ ఏడాదే క్యాంపస్ పక్కన ఒక పెద్ద కాలనీ కడతామంటే ఊరు వద్దంది. రెండేళ్ళ తర్వాత మళ్ళీ అడిగితే సరేనంది. ఓటేసేది సొంతిల్లున్న వాళ్ళూ, స్థిరపడ్డ వాళ్ళూ. స్టూడెంట్ రెండేళ్ళుండి వెళ్ళిపోతాడు, మన పిల్లలకైతే ఓటే లేదు.

ఒక మాట ఒప్పుకోవాలి. 2020లో ఆ నిబంధనను పొడిగించాలా వద్దా అని మళ్ళీ ఓటింగ్ పెట్టారు. నేను పొడిగించమనే వేశాను. భీమవరం వెళ్ళే దారిలో నా చిన్నప్పటి వరిచేలు ముందు చేపల చెరువులయ్యాయి, కాలేజీలొచ్చాక గట్లు తెగ్గొట్టి మెరక చేసి హాస్టళ్ళూ లేఅవుట్లూ వేశారు. ఎస్.ఆర్.కె.ఆర్. కాలేజీ 1980లో వచ్చింది, అప్పటి భీమవరం ఎంత, ఇప్పుడెంత! ఆ ఊరికి కాలేజీల వల్ల మేలే జరిగింది, ఇంజినీరింగ్ పిల్లలకి గది దొరకదన్న మాట నేనెప్పుడూ వినలేదు. అయినా వాన పడితే నీళ్ళు ఎటు పోవాలో తెలియని వీధులు చూశాక, పొలం అన్న మాట వస్తే నా చెయ్యి అటే వెళ్ళింది. కాబట్టి నువ్వు కట్టబోయే అద్దెలో నా వంతు పాపం కూడా కొంత ఉంది.

సరే, ఇప్పుడేం చెయ్యాలి? అడ్మిట్ మీద కన్ను పెట్టినంతసేపు ఇంటి మీద కూడా పెట్టు. డేవిస్‌లో లీజులు సెప్టెంబరు 1 చుట్టూ మొదలవుతాయి, వాటికోసం జనం ఫిబ్రవరి నుంచే సంతకాలు పెట్టేస్తారు. ఈపాటికే ఆలస్యం. ఈ రాత్రే యూనివర్సిటీ హౌసింగ్‌కి అప్లై చెయ్యి. గ్రాడ్యుయేట్ విద్యార్థులకీ కుటుంబాలకీ ఆర్చర్డ్ పార్క్ అని పాత కాలనీ ఉండేది, 2014లో మూసేసి, కొత్తగా కట్టి 2023లో తెరిచారు. అందులో రాకపోతే వుడ్‌ల్యాండ్, డిక్సన్, శాక్రమెంటో కూడా చూడు. శాక్రమెంటో నుంచి రైలుంది, యోలోబస్ ఉంది. కానీ రాత్రి ల్యాబ్ నుంచి తిరిగొచ్చే టైము చూసుకుని లెక్కేసుకో. డిసెంబరు, జనవరిలో పడే మంచు మన సంక్రాంతి మంచు కన్నా చిక్కన. లోన్ లెక్క వేసేటప్పుడు ఒక గదికే నెలకి వెయ్యి డాలర్లు దాటుతుందని రాసుకో, వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 కాగితంలో వేసిన జీవన ఖర్చుతో పోల్చి చూసుకో.

లీజు కాగితం గురించి ఇంకాస్త చెప్పాలి, మనవాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. మన దగ్గర కౌలు చాలావరకు నోటిమాటే. పంట పోతే కూర్చుని మాట్లాడుకుని నాలుగు బస్తాలు తగ్గించుకుంటారు. అక్కడ సంతకం పెట్టింది పన్నెండు నెలలకైతే పన్నెండు నెలలూ కట్టాల్సిందే, జూన్‌లో ఇంటర్న్‌షిప్‌కి వేరే ఊరెళ్ళినా సరే. నలుగురూ ఒకే లీజు మీద సంతకాలు పెడితే, ఒకడు మధ్యలో ఇండియా వెళ్ళిపోయినా వాడి అద్దె మిగతా ముగ్గురి మీద పడుతుంది. అందుకే మంచానికి విడిగా లీజు ఇచ్చే చోటు అయితే పది డాలర్లు ఎక్కువైనా కొత్తవాళ్ళకి అదే నయం. సబ్‌లీజుకి, అంటే నీ బదులు ఇంకొకరికి అద్దెకివ్వడానికి ఒప్పుకుంటారా లేదా అన్న లైను కాగితంలో ఎక్కడుందో వేలుపెట్టి చదువు.

అడ్వాన్స్ సంగతి. 2024 జూలై 1 నుంచి కాలిఫోర్నియాలో ఒక నెల అద్దెకి మించి డిపాజిట్ అడక్కూడదు, ఒకటి రెండు ఇళ్ళే ఉన్న చిన్న ఓనర్లు మాత్రం రెండు నెలలది అడగొచ్చు. ఖాళీ చేసిన 21 రోజుల్లో తిరిగివ్వాలి, కోత పెడితే దేనికెంతో రాసివ్వాలి. ఇది తెలియక 2002లో మా మొదటి ఇంటి ఓనరు తివాచీ మీద పసుపు మరకని చూపించి మొత్తం ఉంచేసుకుంటే మేం థాంక్యూ చెప్పి వచ్చాం. ఆ మరక మేం దిగేటప్పటికే ఉంది. దిగిన రోజే గది గదీ వీడియో తియ్యి, పొయ్యి వెనక గోడతో సహా. ఇల్లు చూడకుండా, ఓనరెవరో తెలియకుండా వాట్సాప్‌లో ఫొటోలు చూసి డబ్బు పంపకు. అమలాపురం వైపు అబ్బాయి ఒకడు అలా పదిహేను వందల డాలర్లు పంపి ఆ అడ్రసుకి వెళ్తే అక్కడ డెంటల్ క్లినిక్ ఉంది.

ఇక మీ నాన్నగారు చివర్లో రాసిన ప్రశ్న. అన్నయ్యగారూ, “చెరువు రెండెకరాలు అమ్మి అక్కడే ఇల్లు కొనేస్తే, అమ్మాయి ఒక గదిలో ఉండి మిగతా గదులు అద్దెకిస్తుంది కదా” అన్నారు. ఎఫ్-1 మీదున్నా ఇల్లు కొనొచ్చు, చట్టం అడ్డు రాదు. కానీ డేవిస్‌లో మామూలు మూడు గదుల ఇల్లు ఎనిమిది లక్షల డాలర్ల చుట్టూ ఉంది. మన ఆర్‌బీఐ నిబంధన ప్రకారం ఒక మనిషి ఏడాదికి రెండున్నర లక్షల డాలర్లకి మించి పంపకూడదు. ఇంటి పన్ను ఏటా ధరలో ఒక శాతం పైనే. పక్కింట్లో ముప్పై ఏళ్ళ నుంచి ఉంటున్న ఆయన అందులో సగం కూడా కట్టడు, 1978లో తెచ్చిన నియమం వల్ల పాతవాళ్ళకి పన్ను మెల్లగానే పెరుగుతుంది. పైగా అమ్మాయి చదువుకోవాలా, కుళాయి కారుతోందని అద్దెకున్నవాళ్ళు చేసే ఫోన్లు ఎత్తాలా? చెరువు ఉంచుకోండి. లీజుకిస్తే వచ్చే డబ్బుతో ఆమె అద్దెలో కొంతైనా తీరుతుంది. ఈసారి మాత్రం ఆ లీజు కాగితం మీద రాయించుకోండి.