టెక్ సందేహాలు: తురాయి పువ్వు ఫోన్‌లో ముద్దగా ఎందుకొస్తది?

ఈ వారం వచ్చిన మెసేజ్‌లు దాదాపు అన్నీ ఎండాకాలం ఫోటోల మీదే. బయట చూస్తే పెనం మీద నిలబడ్డట్టుంది, అయినా జనం ఫోన్లు పట్టుకుని చెట్ల కింద తిరుగుతున్నారంటే నాకైతే మస్తు సంతోషమేసింది. ల్యాప్‌టాప్ స్లో, వైఫై రావట్లేదు బాపతు ప్రశ్నలు వచ్చే వారానికి జరిపేశా, ఏమనుకోకండి.

ఉప్పల్ నుంచి ఒక మేడమ్: మా గల్లీ చివర తురాయి చెట్టు విరగబూసింది సర్. కంటికి ఎంత బాగుంటదో, ఫోన్‌లో తీస్తే మాత్రం ఎర్ర పెయింట్ డబ్బా ఒలికినట్టు వస్తోంది, ఒక్క రేకు కూడా విడిగా కనపడట్లేదు. ఫోన్ 25 వేలది. మార్చాల్సిందేనా?

మార్చకండి మేడమ్, లక్ష రూపాయల ఫోన్ కొన్నా, సెట్టింగ్స్ అన్నీ ఫోనే చూసుకునే ఆటో మోడ్‌లో పెట్టి తీస్తే అదే ముద్ద రావొచ్చు. సంగతేంటంటే, కెమెరా సెన్సర్ ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడింటినీ విడివిడిగా కొలుస్తది. ఆటో మోడ్ చూసేది మొత్తం సీన్‌లో వెలుతురు ఎంతుందని, ఆకుల నీడా కొమ్మల నీడా చూసి 'చీకటిగా ఉంది, కొంచెం పెంచుదాం' అనుకుంటది, అప్పటికే తురాయి ఎరుపు అంచుదాకా నిండి ఉంటది కదా, ఇంకాస్త పెంచేసరికి పొంగిపోతది. పాలు పొంగి స్టవ్ మీద పడ్డాక గిన్నెలోకి ఎత్తలేం, ఇదీ అంతే, ఎరుపు ఒకసారి పొంగిందంటే తర్వాత ఎడిటింగ్‌లో ఎంత తగ్గించినా రేకు మీది గీతలు తిరిగి రావు. దాని మీద ఫోన్ తన వంతుగా రంగు ఇంకా దట్టించి ఇస్తది, మనకు నచ్చుతదని.

ఏం చేయాలంటే, పువ్వు మీద వేలు పెట్టి అట్లాగే నొక్కి పట్టుకోండి, లాక్ అని వస్తది. పక్కనే చిన్న సూర్యుడి బొమ్మో స్లైడరో కనిపిస్తది, దాన్ని కిందికి లాగండి. ఎంత అంటే, స్క్రీన్ మీద 'అరె, ఫోటో కొంచెం చీకటైందే' అనిపించేంత. సెట్టింగ్స్ మనమే మార్చుకునే ప్రో మోడ్ ఉంటే ఎక్స్‌పోజర్ (ఫోటోలోకి ఎంత వెలుతురు రావాలన్నది) మైనస్ 0.7 నుంచి మైనస్ 1 దాకా తగ్గించండి. వివిడ్, సీన్ ఆప్టిమైజర్ లాంటి రంగులు దట్టించే సెట్టింగ్‌లు ఆన్‌లో ఉంటే ఆఫ్ చేసేయండి. తర్వాత స్నాప్‌సీడ్ అనే ఎడిటింగ్ యాప్‌లో నీడల్ని మాత్రం కొంచెం పైకి లేపితే చాలు. సెన్సర్ చూసింది చూసినట్టు దాచే రా ఫార్మాట్ ఉంటే ఇంకా మంచిది, కానీ ఒక్కో ఫోటో 20 ఎంబీ దాటొచ్చు, స్టోరేజ్ చూసుకోండి.

ఇంకో మాట. చెట్టు మొత్తాన్ని పక్కనపెట్టి ఒక్క పువ్వు దగ్గరికి వెళ్లండి. తురాయికి ఐదు రేకులు, నాలుగు ఎర్రగా ఉంటాయి, ఐదోది మాత్రం తెల్లగా, పసుపుగా, ఎర్ర మచ్చలతో వేరేగా ఉంటది. చిన్నప్పుడు దీని కేసరాలు మెలేసి కోడిపందేలు ఆడినోళ్లం, అప్పుడు కూడా నేను ఆ రేకు చూళ్లేదు, ఎక్స్‌పోజర్ తగ్గించి తీసినరోజే కనపడింది. ఎండ పువ్వు వెనక నుంచి పడేట్టు నిలబడితే రేకు దీపంలా వెలుగుతది. వెనకాల నీడలో ఉన్న గోడ ఏదన్నా దొరికితే ఇక చెప్పక్కర్లేదు.

సికింద్రాబాద్ నుంచి ఒక కాలేజీ కుర్రాడు: అన్నా, ట్యాంక్‌బండ్ మీద నుంచి బుద్ధుడి విగ్రహం 10ఎక్స్ జూమ్‌లో తీస్తే అంచులన్నీ నీళ్లలో కదిలినట్టు వంకర్లు పోతున్నాయి. లెన్స్ పోయిందా?

లెన్స్ బానే ఉంది తమ్ముడూ, గాలే కదులుతోంది. ఎండకి కాలిన తారు రోడ్డు, రాళ్ల మీంచి లేచే వేడిగాలి, చుట్టూ ఉన్న గాలి వేర్వేరు సాంద్రతలో ఉంటాయి, వెలుతురు వాటిలోంచి వంగుతూ వస్తది, జూమ్ చేసేకొద్దీ ఆ వంకర పెద్దదవుతది. ఏ యాప్‌తోనూ పోదు. పొద్దున్నే వెళ్లు, మే నెలలో మనకి 5:45కి అటూఇటూగా సూర్యుడొచ్చేస్తాడు, ఏడు లోపు తీస్తే గీత గీసినట్టు వస్తది. మొన్ననే సర్వీస్ సెంటర్‌లో 'లెన్స్ మార్చాలి' అన్నారని రాశావు చూడు, ఆ డబ్బులు ఉంచుకో.

మాదాపూర్ నుంచి: మాకు ఆఫీసు వల్ల మధ్యాహ్నం లంచ్ టైమే ఖాళీ. ఆ ఎండలో ఏం తీయగలం?

మధ్యాహ్నం వెలుతురు పాడు వెలుతురు అనేది అందరూ చెప్పే మాట, నేను సగమే ఒప్పుకుంటా. మే 9 ప్రాంతంలో 12:12కి సూర్యుడు హైదరాబాద్‌లో సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, నిటారుగా నిలబెట్టిన బాటిల్‌కి నీడే ఉండదు. ఆ టైమ్‌లో మనుషుల్ని తీయకండి, కళ్ల కింద గుంటలు పడతాయి. రేల చెట్టు దొరికితే కిందికెళ్లి తలెత్తి తీయండి, పసుపు గుత్తులు జడగంటల్లా వేలాడుతుంటాయి, పైనుంచి ఎండ వాటిలోంచి దిగుతది. వేపచెట్టు నీడ ఫుట్‌పాత్ మీద పడితే అదీ ఫోటోనే. మీ చలువ కళ్లద్దాలు పోలరైజ్డ్ (మెరుపుని అడ్డుకునే రకం) అయితే ఒక అద్దాన్ని లెన్స్ ముందు పెట్టి మెల్లగా తిప్పండి, ఒక కోణం దగ్గర ఆకుల మీది మెరుపు పోయి అసలు పచ్చదనం బయటపడతది. పోలరైజ్డో కాదో తెలియకపోతే దాంట్లోంచి ఫోన్ స్క్రీన్ చూస్తూ తిప్పండి, ఎక్కడన్నా నల్లబడితే అవును.

కేబీఆర్ పార్కులో నెమళ్ల వీడియో తీస్తుంటే ఫోన్ కాలిపోయి కెమెరా ఆగిపోతోందని నలుగురైదుగురు అడిగారు. ఐఫోన్‌కి బయటి వేడి 35 డిగ్రీల లోపు ఉండాలని ఆపిల్ వాళ్లే చెప్తారు, మనకి మేలో నలభై దాటుతది, అందులో ఎండలో నిలబడి ఫోర్‌కే వీడియో. కవర్ తీసేయండి, వీడియో క్వాలిటీ తగ్గించండి, వాడనప్పుడు జేబులో కాకుండా బట్ట సంచిలో నీడన పెట్టండి. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టొద్దు. రెండేళ్ల కింద తెలివి ఎక్కువై నేను పెట్టా, తీశాక లెన్స్ లోపల ఆవిరి పట్టి వారం రోజులు తీసిన ప్రతిదీ పొగమంచులో అరకులోయలా వచ్చింది. బండి హ్యాండిల్‌కి హోల్డర్‌లో పెట్టి తిరిగేవాళ్లు కూడా జాగ్రత్త, ఆ అదురుకి కెమెరా లోపల చేతి వణుకుని సరిచేసే స్టెబిలైజర్ దెబ్బతినొచ్చు.

చివరగా మల్కాజ్‌గిరి నుంచి ఒక అక్క: మా బాల్కనీ కుండీలో పిగిలిపిట్ట గూడు కట్టి మూడు గుడ్లు పెట్టింది, ఫోటో తీసి గ్రూపులో పెట్టొచ్చా?

తీయండి అక్కా, కానీ కిటికీ లోపల నుంచే, జూమ్‌తో, ఫ్లాష్ ఆపేసి, అదీ రోజుకి ఒక్కసారి. గుడ్ల మీద నుంచి తల్లి లేచిపోయేంత దగ్గరికి పోవద్దు, ఈ ఎండకి గుడ్లు ఉడికిపోతాయి. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పెడితే లొకేషన్ పోతది, క్వాలిటీ కోసం డాక్యుమెంట్‌గా పంపితే మాత్రం ఫోటోతో పాటు మీ ఇంటి లొకేషన్ కూడా వెళ్తది. అందుకే ముందు కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ఆఫ్ చేసి తర్వాత తీయండి. పిల్లలు బయటికొచ్చాక నాకూ ఒకటి పంపండి.