మొదటి డ్రైవర్ పంపబోతున్న తమ్ముడికి

తిరుపతి

తమ్ముడూ,

చిత్తూరు పాల శీతలీకరణ కేంద్రం కోసం నువ్వు రాసిన టెంపరేచర్ సెన్సర్ డ్రైవర్, అదే ఆ చిప్‌తో లైనక్స్‌ను మాట్లాడించే కోడ్, మొత్తం చదివాను. "బోర్డు మీద బాగానే నడుస్తోంది కదన్నా, లైనక్స్ కెర్నెల్‌లోకి ఎందుకు తీసుకోరు?" అని అడిగావు. రివ్యూ చేసేవాళ్ల దగ్గర నీ బోర్డు ఉండదురా. వాళ్లకు కనిపించేది నీ కోడ్ ఒక్కటే.

లైనక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్ లోపలి ఫంక్షన్లు మారుతూనే ఉంటాయి. మార్చినవాళ్లే వాటిని వాడే డ్రైవర్లన్నీ సరిచేయాలన్నది అక్కడి పద్ధతి. 2022లో ఐ2సీ (చిన్న చిప్‌లను రెండు వైర్లతో కలిపే పద్ధతి) డ్రైవర్లలో, చిప్‌ను తీసేసేటప్పుడు నడిచే రిమూవ్ ఫంక్షన్ ఏ విలువా తిరిగి ఇవ్వకూడదని మార్చినప్పుడు వందల డ్రైవర్లు దిద్దాల్సి వచ్చింది. ఆ చిప్‌లన్నీ ఎవరి బల్ల మీదా ఉండవు. చదివితే అర్థమయ్యే కోడ్ కాబట్టే కుదిరింది. రేపు నీ డ్రైవర్‌నూ ముక్కూమొహం తెలియని మనిషి అలాగే దిద్దాలి. రివ్యూ చేసేవాళ్లు పట్టుబట్టేదంతా ఇందుకే.

నీ రీడ్ ఫంక్షన్ చూసి మాత్రం భయమేసింది. చిప్ తన కొలతను ఉంచే రిజిస్టర్ చదివి, వచ్చినదాన్ని నేరుగా 16 బిట్ల వేరియబుల్‌లో పెట్టేశావు. చిప్ జవాబివ్వకపోతే చాలా కంట్రోలర్లలో మైనస్ 6 అనే ఎర్రర్ కోడ్ వస్తుంది. నువ్వు దాన్నీ 256తో భాగిస్తున్నావు. అంటే సెన్సర్ వైరు ఊడిన రోజు తెర మీద దాదాపు సున్నా డిగ్రీలు కనిపిస్తుంది. 4 డిగ్రీల్లో ఉండాల్సిన పాలు లోపల వేడెక్కుతుంటే, చూసేవాళ్లు చల్లగానే ఉన్నాయనుకుంటారు. పలమనేరు వైపు పల్లెల్లో తెల్లారకముందే లేచి పితికి పోసినవాళ్ల కష్టం అది. విలువను ముందు ఇంట్‌లోకి తీసుకో. సున్నా కన్నా తక్కువైతే అదే ఎర్రర్‌ను పైకి పంపు. రెండు లైన్ల పని. తర్వాత వైరు పీకి నీ కళ్లతో చూసుకో.

చిప్ దొరికినప్పుడు మొదట నడిచే ప్రోబ్ ఫంక్షన్‌లోనూ ఇదే జబ్బు, తేడా వస్తే ఏం చేయాలో చూసుకోలేదు. చిప్‌కు కరెంటిచ్చే రెగ్యులేటర్ ఆన్ చేశాక చిప్ ఐడీ సరిపోకపోతే, ఆఫ్ చేయకుండానే బయటికొచ్చేశావు. డెవ్‌ఎం_తో మొదలయ్యే ఫంక్షన్లు వాడు, సర్దే పని కెర్నెల్ చూసుకుంటుంది.

టెంపరేచర్‌కు సొంత ఫైలు ఎందుకు పెట్టావు? ఇలాంటి సెన్సర్ల కోసం కెర్నెల్‌లో ఉన్న హెచ్‌డబ్ల్యూమాన్‌లో దానికి టెంప్1_ఇన్‌పుట్ ఉంది. డిగ్రీలో వెయ్యో వంతు లెక్క, 4 డిగ్రీలకు 4000. జనం వాడటం మొదలుపెట్టిన ఫైలును తర్వాత తీసేయనివ్వరు. అందుకే లోపలికి రానిచ్చేటప్పుడే అంత గట్టిగా ఉంటారు.

చిప్ కంపెనీ నమూనా కోడ్‌లోంచి తెచ్చిన ఆ మధ్యపొర, కెర్నెల్ ఫంక్షన్లకు వేరే పేర్లు తొడిగే ఆ కోడ్, కూడా తీసెయ్. 2016 డిసెంబరులో ఏఎండీ డిస్‌ప్లే కోడ్, దాదాపు లక్ష లైన్లు, ఇలాంటి పొర ఉందనే గ్రాఫిక్స్ మెయింటెయినర్ డేవ్ ఎయిర్లీ వద్దన్నారు. చాలా మార్చుకున్నాకే కెర్నెల్ 4.15 వెర్షన్‌లో చేరింది. అంత పెద్ద కంపెనీకీ మినహాయింపు లేదు. ఆ మాట నాకు ఇప్పటికీ ధైర్యమిస్తుంది.

మిగతావి చిన్నవి. కోడ్ రాసిన తీరులో తప్పులు పట్టే చెక్‌ప్యాచ్ నడుపు, ట్యాబ్ 8 అక్షరాల వెడల్పు. డివైస్ ట్రీ బైండింగ్, అంటే బోర్డు వివరాల్లో నీ చిప్‌ను ఎలా రాయాలో చెప్పే ఫైలు, వేరే ప్యాచ్‌గా (విడి మార్పుగా) పంపు. ఏ కోడ్‌కు ఎవరు బాధ్యులో రాసే మెయింటెయినర్స్ ఫైల్లో నీ పేరు పెట్టావంటే బగ్ వచ్చినప్పుడు జవాబు చెప్పాల్సింది నువ్వే, కాబట్టి కాలేజీ అయిపోయినా పనిచేసే మెయిల్ ఐడీ ఇవ్వు.

కామెంట్లు చాలా వస్తాయి. ఒక్కటీ వదలకుండా జవాబివ్వు, ఒప్పుకోకపోతే ఎందుకో చెప్పు. గంటలోనే రెండో వెర్షన్ పంపకు, ఒక వారం ఆగు. తర్వాతి వెర్షన్‌లోకి సిద్ధమైన కోడ్‌ను కలుపుకునే మెర్జ్ విండో తెరిచి ఉండే రెండు వారాలూ కొత్త కోడ్ పెద్దగా ఎవరూ చూడరు, టెన్షన్ పడకు. ఈలోగా ఆ బైండింగ్ నాకు పంపు, చూసిపెడతాను.

ఉంటాను,
అన్న